పౌడరు డబ్బాల దోహా

నేను కళాభిమానిని కావడానికి నా ప్రతిభేమీ కారణం కాదు, ముడిచమురు ధర కారణం. అది పీపా వంద డాలర్లు దాటి అక్కడే కాలు మీద కాలేసుకుని కూర్చున్న రోజుల్లో దోహాలో డబ్బున్నవాళ్ళకి కొత్త కొత్త మోజులు పుట్టాయి. కొందరు డేగలు కొన్నారు, కొందరు గుర్రాలు కొన్నారు. మా అర్బాబ్ పెయింటింగులు కొనడం మొదలుపెట్టాడు. నేను ఆయన దగ్గర ఫైనాన్స్ మేనేజర్ని కాబట్టి ఆయనకి పడిశం పడితే నేను తుమ్మాలి. తుమ్మాను. ఆ తుమ్ములు చాలాకాలం ఆగలేదు.

అర్బాబ్ అంటే యజమాని. గల్ఫ్‌లో పనిచేసే ప్రతివాడికీ ఒకడుంటాడు. మావాడు ఇసుక, కంకర సప్లై చేసి పైకొచ్చినవాడు. ప్రభుత్వం సముద్రం ఒడ్డున మ్యూజియం కట్టింది, ప్రపంచంలోని ఖరీదైన బొమ్మలన్నీ ఖతార్‌కే వస్తున్నాయని పేపర్లు రాస్తున్నాయి. మొదటి వరసవాళ్ళు కొంటుంటే రెండో వరసవాళ్ళు ఊరుకుంటే నామర్దా కదా. అర్బాబ్ లండన్ నుంచి హెలెన్ అనే సలహాదారుని పిలిపించుకుని, కంకర గోడౌన్ ఒకటి ఖాళీ చేయించి, తెల్ల సున్నం కొట్టించి, దానికి ఆర్ట్ ఫౌండేషన్ అని పేరు పెట్టాడు.

బిల్లులన్నీ నా బల్ల మీదికొచ్చేవి. మొదట్లో ఒక్కొక్క బిల్లు చూసి గుండె పట్టుకునేవాణ్ణి. తరవాత హెలెన్ మాట్లాడే మాటలు వంటబట్టాయి. సంతకం పెట్టేముందు తల కొంచెం పక్కకి వాల్చి, "ఇందులో శూన్యం చాలా బలంగా ఉంది" అనేవాణ్ణి. ఆ మాట ఏ బొమ్మకైనా సరిపోయేది. ఒకసారి ఇంకా విప్పని చెక్కపెట్టెని చూసి కూడా అన్నాను. హెలెన్ నన్ను మెచ్చుకుంది. బి.కామ్ చదివి, మచిలీపట్నంలో ఆడిటరు దగ్గర గుమాస్తాగా మొదలైన ఆనందరావుని ఒక లండన్ ఆడమనిషి "మీ కన్ను మంచిది" అంటే ఇక కాళ్ళు నేల మీద ఎక్కడ నిలుస్తాయి?

ఆ ఊపులోనే నేనూ ఒకటి కొన్నాను. హెలెన్ చెప్పిన కుర్ర ఆర్టిస్టుది. తలుపంత వెడల్పు, తలుపు కంటే పొడుగు, అంతా బూడిదరంగు, కింద ఎడంపక్క ఒక గీత. నాలుగేళ్ళలో దీని విలువ ఎక్కడికో వెళ్ళిపోతుందని ఆవిడ చెప్పింది. మేముండేది అల్ తుమామాలో ఒక విల్లాని మూడు వాటాలు చేసిన దాంట్లో నడిమి వాటా. హాల్లో ఉన్నది ఒక్కటే పెద్ద గోడ. దాన్నక్కడ తగిలించాను.

మా ఆవిడ వేదవతి చాలాసేపు దానివంక చూసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, "గీత మీరు మోసుకొస్తుంటే పడిందా, ముందునించీ ఉందా?" అని అడిగింది.

"అదే పాయింటు" అన్నాను.

"సరే ఉంచుకోండి. కానీ దసరాకి గోడ నాకు కావాలి" అంది.

ఆ గోడ మీద ఆవిడకి ఉన్న హక్కు నాకంటే పాతది. వేదవతి పుట్టింట్లో దసరాకి బొమ్మల కొలువు పెడతారు. వాళ్ళ అమ్మమ్మ నుంచి అమ్మకీ, అమ్మ నుంచి తనకీ వచ్చిన బొమ్మలు. పెళ్ళయి దోహా వచ్చేటప్పుడు నగలు నాచేత మోయించి, బొమ్మల్ని మాత్రం పాత నేత చీరల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. కొండపల్లి అంబారీ ఏనుగు, పల్లకీ మోసే బోయీలు, తాడిచెట్టెక్కే గీతగాడు, రోట్లో పిండి దంచే అత్తాకోడళ్ళు. కోడలికి ఒక చెయ్యి విరిగితే వాళ్ళమ్మ జిగురుతో అతికించింది, అందుకని ఆ కోడలు ఇప్పటికీ కొంచెం ఎడంగా దంచుతుంది. ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలని నియమం. దాన్ని పుట్టింటివాళ్ళు పంపాలి. అన్నదమ్ములుంటే వాళ్ళు పంపుతారు. వేదవతికి అన్న ఉండేవాడు. పోయాక ఆ బొమ్మ రావడం ఆగింది. తనే ఏదో ఒకటి చేసి పెడుతోంది.

పై మెట్టు మీద దేవుళ్ళు, కింది మెట్ల మీద జనం, అందరికంటే కింద నేల మీద ఊరు. ఇండియాలో అయితే అక్కడ పొలమో తోటో పెడతారు. వేదవతి దోహా పెట్టేది. అద్దం ముక్క సముద్రం. దాని చుట్టూ పౌడరు డబ్బాలతో టవర్లు. అగరుబత్తి గొట్టాలతో మెసయీద్ ఫ్యాక్టరీ చిమ్నీలు. అగ్గిపెట్టెలకి తెల్లరంగు వేసి కూలీల క్యాంప్ బస్సులు. ఏటికేడు కొత్త టవర్లు లేస్తున్నాయి కదా, ఏటికేడు డబ్బాలు కావలసి వచ్చేవి. ఖతార్ పెరుగుతున్న కొద్దీ మా ఇంట్లో పౌడరు వాడకం పెరిగింది. నేను ఆఫీసుకి బోర్లించిన పిండిగిన్నెలా వెళ్ళేవాణ్ణి.

ఈ కొలువుకి ఇంకో బెంగ ఉంది. మాకు ఇద్దరూ మగపిల్లలే. బొమ్మలు ఎవరికి ఇవ్వాలి అన్నది వేదవతి ప్రతి దసరాకీ ఒకసారి పైకి అనేది, మిగతా ఏడాదంతా అనకుండా ఉండేది. నేను "చూద్దాంలే" అనేవాణ్ణి. అది నా ఉద్యోగంలో కూడా బాగా పనికొచ్చిన మాట.

రెండువేల పదమూడు దసరా. ఫౌండేషన్‌కి ఒక కలెక్షన్ మేనేజర్ కావాలని అర్బాబ్ వెతుకుతున్నాడు. ఆ కుర్చీ మీద నాకు ఆశ పుట్టింది. ఫైనాన్స్ మేనేజర్ అంటే లెక్కలు రాసుకునేవాడు, కలెక్షన్ మేనేజర్ అంటే అభిరుచి ఉన్నవాడు. నా పెయింటింగు చూపిస్తే పని అయిపోతుందని అర్బాబ్‌ని, హెలెన్‌ని భోజనానికి పిలిచాను. వాళ్ళకి కుదిరిన రోజు సరిగ్గా కొలువు మధ్యలో వచ్చి పడింది.

"ఒక్క పూటకి మెట్లు పక్కకి జరుపుదాం వేదా" అన్నాను.

"పెట్టిన కొలువు ఎత్తేదాకా కదపకూడదండీ."

"మరి నా పెయింటింగ్?"

"మెట్ల వెనకాల ఉంది. గోడకి మొహం పెట్టి నించోబెట్టాను."

నాకు కోపం వచ్చింది. కానీ గుత్తివంకాయ కూర తనే వండాలి కనక మింగేశాను.

అర్బాబ్ వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, బక్కపలచన, ఒంటి మీద పాదాలదాకా తెల్లటి తోబ్, తల మీద తెల్లటి గుత్రా. వెనక హెలెన్. పళ్ళబుట్ట మోసుకుంటూ ఆయన డ్రైవరు లింబాద్రి. లింబాద్రిది జగిత్యాల దగ్గర ఊరు. సెలవు మీద పోయి వచ్చినప్పుడల్లా వేదవతికి ఒక నిర్మల్ కొయ్యబొమ్మ తెచ్చిపెట్టేవాడు, అందుకని మా ఇంట్లో అతనికి నాకంటే ఎక్కువ మర్యాద.

హెలెన్ హాల్లోకి అడుగుపెట్టి నా పెయింటింగు ఎక్కడుందని అడగలేదు. ముందే జవాబు తయారుచేసుకున్నాను కనక, అడక్కపోయినా "దానికి రెస్ట్ ఇస్తున్నాం" అని చెప్పాను. ఆవిడ వినలేదు. మెట్ల ముందు నిలబడి రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. ఇది ఇన్‌స్టలేషన్ అంది. వలస మీద వ్యాఖ్యానం అంది. పౌడరు డబ్బాల్ని చూపించి, నగరం పైపూత మాత్రమేనని ఎంత క్రూరంగా చెప్పారో అంది. వేదవతి వంటింటి గుమ్మంలోంచి నన్ను సైగతో అడిగింది, ఏమంటోందని. బాగుందంటోంది అని సైగ చేశాను.

అర్బాబ్ మాత్రం చెప్పులు విడిచి, నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. అద్దం ముక్క మీద వేలు ఆనించి, పాతకాలపు ఖతారీలకి వచ్చే హిందీలో "సముద్రం పెట్టావు, పడవ ఏదమ్మా?" అని అడిగాడు.

వేదవతి గుమ్మంలోంచే చెప్పింది. ఏటా ఒకటే కొత్తది చేరాలి, ఈసారికి క్రేన్ చేరింది, పడవ వచ్చే ఏడు పెడతానంది.

ఆయన తల ఊపాడు. తన తాతకి ముత్యాల వేట పడవ ఉండేదట. జపాన్‌వాళ్ళు ముత్యాలు పెంచడం మొదలుపెట్టాక ఇక్కడి ముత్యాలు అడిగేవాడు లేక పడవ అమ్ముకున్నారట. "అప్పుడు మేం తిన్నది ఎండుచేపలు, ఖర్జూరాలు" అన్నాడు. తరవాత కొలువు వంక చెయ్యి చూపించి, "చాలా బాగుంది, చాలా బాగుంది" అన్నాడు.

ఇక్కడ నా మర్యాద గురించి చెప్పాలి. ఖతారీల పద్ధతులు నాకు కొట్టిన పిండి అనుకునేవాణ్ణి. మజ్లిస్‌లో, అంటే వాళ్ళ కచేరీ సావడిలో, ఒకడు ఇంకొకడి వాచీ బాగుందంటాడు. వాచీ ఉన్నవాడు విప్పి తీసుకోమంటాడు. మెచ్చుకున్నవాడు వద్దంటాడు. మళ్ళీ తీసుకోమంటాడు, మళ్ళీ వద్దంటాడు, అందరూ కాఫీ తాగుతారు. ఎవరి వాచీ వాళ్ళ చేతికే ఉంటుంది. కనక నేను లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఇది మీదే, తీసుకెళ్ళండి" అన్నాను. ఆయన వద్దన్నాడు. నాకు హుషారొచ్చింది. ఇంకోసారి అన్నాను. ఆయన మళ్ళీ వద్దన్నాడు.

అక్కడ ఆగితే సరిపోయేది. కానీ నేను కృష్ణా జిల్లా వాణ్ణి. మా వైపు వడ్డించేటప్పుడు అతిథి విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి మొర్రో అన్నా, చేతి సందులోంచి ఇంకో గరిటె వెయ్యకుండా ఊరుకోం. ఆ అలవాటు నాలుక మీదికి వచ్చేసింది. మూడోసారి కూడా అన్నాను. అదీ ఇంకొంచెం గట్టిగా.

మూడోసారి కాదంటే ఇంటివాణ్ణి అవమానించినట్టు. అర్బాబ్ లేచి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, తీసుకున్నాను అన్నాడు. హెలెన్ చప్పట్లు కొట్టింది. వంటింటి గుమ్మం వంక చూసే ధైర్యం లేక పులిహోర వంక చూస్తూ కూర్చున్నాను.

వాళ్ళు వెళ్ళాక వేదవతి గిన్నెలు సర్దుతూ అడిగింది. "ఏమిటండీ ఇచ్చారు?"

చెప్పాను. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. చేతిలో గిన్నె కింద పెట్టి, "దేవుళ్ళని ఇవ్వను" అంది.

"అక్కర్లేదట. హెలెన్ కూడా అదే అంది, ఫౌండేషన్‌లో మతపరమైనవి పెట్టరట. కింది మెట్లు చాలు."

"జనాన్ని తీసుకెళ్తారన్నమాట" అంది.

విజయదశమి వెళ్ళిన మర్నాడు లారీ వచ్చింది. తెల్ల గ్లవుజులు వేసుకున్న మనుషులు దిగారు. హెలెన్ ఒక్కొక్క బొమ్మకీ ఫోటో తీయిస్తోంది. వేదవతి నా పక్కకి వచ్చి, "ఆయనకి కొన్ని చెప్పాలి, మీరు చెప్పండి" అంది. బొమ్మల్ని ఏడాదికి తొమ్మిది రోజులే చూడాలి, తరవాత ఎత్తెయ్యాలి. ఎత్తేముందు ఒక బొమ్మని పడుకోబెట్టి హారతిచ్చో, దండం పెట్టో, ఇక నిద్రపొమ్మని చెప్పాలి. చుట్టేది కొత్తగుడ్డ కాకూడదు, ఇంట్లోవాళ్ళు కట్టి మెత్తబడ్డ పాతగుడ్డ కావాలి. వచ్చే ఏడు తీసినప్పుడు కొత్తది ఒకటి చేర్చాలి. "ఇవి చేసేవాళ్ళకే కొలువు. చెయ్యలేమంటే మానెయ్యమనండి."

నేను హెలెన్ దగ్గరికి వెళ్ళాను. మ్యూజియం గ్లవుజుల వాళ్ళ ముందు బొమ్మల్ని నిద్రపుచ్చే సంగతి చెప్పడానికి నాకు సిగ్గేసింది. కలెక్షన్ మేనేజర్ కాబోయేవాడు మాట్లాడే మాటలా అవి? "జాగ్రత్తగా పట్టుకోమంటోంది మా ఆవిడ" అని ఇంగ్లీషులో చెప్పాను. ఇంత పొడుగు తెలుగు అంత చిన్న ఇంగ్లీషు ఎలా అయిందని వేదవతి నా మొహం వంక చూసింది. లారీ పక్కన నిలబడ్డ లింబాద్రి కూడా చూశాడు. పెట్టెలు ఎక్కించేటప్పుడు వేదవతి అవే మాటలు అతనికి కూడా చెప్పడం విన్నాను, కానీ డ్రైవరుకి చెప్పి ఏం లాభమనుకున్నాను.

ఉద్యోగం వచ్చింది. ఆ బొమ్మలతో సంబంధం లేకుండానే అర్బాబ్ నాకిచ్చాడని ఒకటి రెండేళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. విజిటింగ్ కార్డులు గరుకు కాగితం మీద అచ్చు వేయించాను. నల్ల కళ్ళజోడు ఫ్రేము, మెడకి మఫ్లరు. నలభై అయిదు డిగ్రీల ఎండలో మఫ్లరు కట్టుకున్న మనిషిని దోహా ఏ జబ్బు మనిషో అనుకుని జాలిపడింది.

ఫౌండేషన్ ప్రారంభానికి వేదవతిని తీసుకెళ్ళాను. కొలువుకి గాజుపెట్టె చేయించారు. చల్లటి లైట్లు వేశారు. పక్కన గోడ మీద ఇంగ్లీషులో, అరబ్బీలో అచ్చువేసిన చీటీ. "పేరు లేనిది. కళాకారుడు: అన్‌నోన్. ఆనందరావు సేకరణ నుంచి." ఆ చీటీ నేనే రాసి ఇచ్చాను. వేదవతి దాన్ని రెండుసార్లు చదువుకుంది.

"ఈ అన్‌నోన్ ఎవరండీ?" అని అడిగింది.

కళాచరిత్రలో అది ఒక పద్ధతి అని వివరించాను. ఆవిడ గాజుపెట్టె వంక వంగి, లోపల అగ్గిపెట్టె బస్సు ఒకటి పక్కకి ఒరిగి ఉంటే సరిచేద్దామని చెయ్యి చాపింది. వేళ్ళు గాజుకి తగిలాయి. సెక్యూరిటీ అతను వచ్చి, తాకకూడదు మేడమ్ అన్నాడు. ఆ రోజు నాకు నిజంగా సిగ్గేసింది. అందులో శూన్యం చాలా బలంగా ఉందని పక్కనున్న ఎవరితోనో అన్నాను.

మరుసటి దసరాకి వేదవతి మెట్లు కట్టింది. తెల్లదుప్పటి పరిచింది. పై మెట్టు మీద దేవుళ్ళని పెట్టింది. కింద మెట్లన్నీ ఖాళీ. నేల మీద ఊరు లేదు. ఇరుగుపొరుగు తెలుగువాళ్ళని పేరంటానికి పిలిచింది, శనగలు, తాంబూలం ఇచ్చింది. వచ్చినవాళ్ళు బొట్టు పెట్టించుకుని మెట్ల వంక చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళారు. ఒకావిడ మాత్రం, "దేవుళ్ళున్నారు, మనుషులెక్కడమ్మా?" అంది. వేదవతి నా గదివైపు చూపించింది. నేను తలుపు మూసుకున్నాను.

అదే సమయంలో అర్బాబ్ గాజుపెట్టె ఖాళీ చేయించి బొమ్మల్ని తన ఇంటికి తెప్పించుకున్నాడు. హెలెన్‌తో పెద్ద గొడవ అయిందని విన్నాను. ఆయనకి మోజు తీరిందనుకున్నాను. ఏ స్టోర్‌రూములోనో పడేసి ఉంటాడు. ఇంట్లో చెప్పలేదు.

తరవాత చమురు ధర దిగడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ కాలు మీద కాలేసుకున్నది ఒక్కసారి మంచమెక్కింది. ప్రాజెక్టులు ఆగాయి, కంకర అడిగేవాడు లేడు. క్యాంపుల్లోంచి జనాన్ని బస్సుల్లో ఎయిర్‌పోర్టుకి తరలిస్తున్నారు. మా కంపెనీలో పైన డైరెక్టర్లు ఉన్నారు, కింద సీట్లన్నీ ఖాళీ. అచ్చం మా ఇంట్లో కొలువులాగే ఉందని అనిపించింది కానీ ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇల్లొక్కటే ఉంది, అక్కడ చెప్పే మొహం లేదు.

మొదట పోయింది ఫౌండేషనే. హెలెన్ ఏదో పెద్ద నగరంలో ఇంకో ధనవంతుణ్ణి చూసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా బూడిదరంగు పెయింటింగు సంగతి అడిగితే, "దాన్ని ప్రేమిస్తూ ఉండండి" అంది. ధర పోయినవాటికి మార్కెట్‌లో వాడే మాట అది. ఫౌండేషన్‌లోవీ అర్బాబ్ ఇంట్లోవీ కలిపి లండన్‌లో వేలం వెయ్యాలని కుటుంబం నిర్ణయించింది. పెట్టెలన్నీ కంటెయినర్లలో ఎక్కించారు. కలెక్షన్ మేనేజర్‌గా నా ఆఖరి డ్యూటీ సీళ్ళు వేయించడం. మూతలు నేను వెళ్ళేసరికే బిగించి ఉన్నాయి. ఏ పెట్టెలో ఏముందో విప్పి చూసే అధికారం నాకు లేదు. ఏనుగు అందులోనే ఉంది, బోయీలు అందులోనే ఉన్నారు, ఎడంగా దంచే కోడలు అందులోనే ఉందని అనుకుంటూ ఒక్కొక్క సీలూ నొక్కించాను.

అంతకుముందే ధైర్యం తెచ్చుకుని అర్బాబ్‌ని అడుగుదామని మజ్లిస్‌కి వెళ్ళాను. మూడుసార్లు ఇస్తానన్నవాడు మళ్ళీ ఇమ్మని ఎలా అడగాలో దారంతా అరబ్బీలో వల్లించుకున్నాను. తీరా చూస్తే ఆయన వైద్యానికి జర్మనీ వెళ్ళాడన్నారు. నా అరబ్బీ అంతా వృథా. నిజం చెప్పొద్దూ, కొంచెం హాయిగా కూడా అనిపించింది.

రెండువేల పదిహేను దసరా పాడ్యమి. నాకు మెసయీద్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కల ఉద్యోగం దొరికింది, మఫ్లరు లేకుండా. వేదవతి మెట్లు కడుతోంది. ఇవాళ చెప్పెయ్యాలి అనుకున్నాను. "వేదా, ఆ బొమ్మలు..." అన్నాను. ఆవిడ దుప్పటి పరుస్తూనే ఉంది.

"వేలానికి వెళ్ళిపోయాయి. ఎవరు కొన్నారో తెలీదు. తప్పు నాదే" అన్నాను.

ఆవిడ దుప్పటి మడత సరిచేస్తూ ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంది. "అమ్మమ్మ ఇచ్చిన ఏనుగండీ" అంది. నేనెప్పుడూ ఆవిడ ఏడవడం చూడలేదు, చూడగానే నాకూ ఏడుపొచ్చింది.

అప్పుడు వాకిట్లో పికప్ ఆగింది. లింబాద్రి. వెనకాల రెండు చెక్కపెట్టెలు.

"ఎల్లుండి నాకు ఫ్లైటుంది సార్. వీసా మీద ఎగ్జిట్ కొట్టిండ్రు. పోయేముందు గివ్వి ఇచ్చిపొమ్మన్నడు పెద్దాయన, జర్మనీల నుంచి ఫోన్ జేసిండు" అన్నాడు. పెట్టెలు హాల్లో దించి, నీళ్ళు తాగి, వేదవతి వైపు తిరిగాడు. "అమ్మా, పోయిన దసరాకు నేనే ఆయనకు జెప్పిన. నువ్వు జెప్పిన ముచ్చటలన్నీ. సార్ జెప్పలేదు గదా."

నేను నేల చూపులు చూశాను.

"గప్పుడు పెద్దాయన అన్నీ ఇన్నడు. ఇనాం ఇస్తే షరతులుండయి, షరతులున్నదాన్ని అమానత్ అంటరు అన్నడు. దాపెట్టమని ఇచ్చినసొంటిది, మనది గాదు అన్నడు. బొమ్మలన్నిటినీ ఇంటికి తెప్పిచ్చిండు. తొమ్మిదొద్దులు మజ్లిస్‌ల వెట్టి, ఆఖరొద్దు దంచే ఆమెను పండవెట్టి, ఇగ నిద్రపో అన్నడు. హెలెన్ మేడమ్ లొల్లి జేస్తే యల్లా బయిటికి నడువ్ అన్నడు. కంటెయినర్లు నింపేటప్పుడు గివ్వి మాత్రం ఎక్కనియ్యలే."

వేదవతి పెట్టె మూత తీసింది. ఒక్కొక్క బొమ్మా తెల్లటి మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. విప్పాక తెలిసింది, అవి గుత్రాలు. ఉతికి ఉతికి పలచబడ్డ ఆయన పాత తలగుడ్డలు. ఏనుగు వచ్చింది. బోయీలు వచ్చారు. గీతగాడు, దంచే అత్త, ఎడంగా దంచే కోడలు. అగ్గిపెట్టె బస్సులు, అద్దం ముక్క, చివరికి పౌడరు డబ్బాలు కూడా, ఒక్కొక్కటీ విడిగా తలగుడ్డలో.

అడుగున మా ఇంట్లోది కానిది ఒకటి ఉంది. అరచెయ్యంత కొయ్యపడవ. తెరచాప కొయ్య కొంచెం వంకర. కొన్నది కాదు, చాకుతో చెక్కింది, చాకు గాట్లు ఇంకా ఉన్నాయి.

"ఎవరు చేశారు?" అని అడిగాను.

"ఇంకెవలు సార్, ఆయనే. నెలరోజులు జెక్కిండు. రెండుసార్లు వేలు కోసుకున్నడు" అన్నాడు లింబాద్రి.

వేదవతి బొమ్మలన్నీ మెట్లెక్కించి, నేల మీద మళ్ళీ ఊరు పరిచి, పడవని అద్దం ముక్క మీద పెట్టింది. లింబాద్రికి అన్నం పెట్టి, వాళ్ళావిడకని చీర, పసుపు కుంకుమలు ఇచ్చి పంపింది. మెట్ల వెనక గోడ బోసిగా ఉందని నా బూడిదరంగు పెయింటింగు తీయించి, వెనక్కి తిప్పి, దాని మీద నీలం కాగితం అతికించి ఆకాశంలా నిలబెట్టింది. నేను మేకులు అందించాను.

సాయంత్రం పేరంటాళ్ళు వచ్చారు. కిందటేడు మనుషులెక్కడమ్మా అని అడిగినావిడ ముందు కొలువంతా కలియజూసి, పడవ దగ్గర ఆగింది.

"ఇది కొత్తది లాగుందే. ఎక్కడిదమ్మా?" అంది.

వేదవతి ఆవిడకి బొట్టు పెడుతూ, "మా పుట్టింటి నుంచి వచ్చిందండీ" అంది.

నేను గుమ్మం దగ్గర శనగల గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. వెనకాల ఆకాశం ఎక్కడిదని నన్నెవరూ అడగలేదు.